సున్నా ప్రయాణాల మనిషి

మా ఇంట్లో ముగ్గుపిండి దొంగ ఉన్నాడు. వయసు నలభై ఏడు, కళ్లజోడు, ఎడమ జేబులో స్కేలు, కుడి జేబులో రబ్బరు. పోలీసులకు పట్టిద్దామంటే నాకు మొగుడు. పేరు కృష్ణప్రసాద్.

ఆ శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ కూడా తాగకుండా ముగ్గు డబ్బా పట్టుకుని డాబా మీదికి వెళ్లాడు. పద్దెనిమిదేళ్ల కాపురం తర్వాత ఈ మనిషికి కళాహృదయం మొలిచిందేమోనని నేనూ వెనకే వెళ్లాను. డాబా ఈ కొస నుంచి ఆ కొసకి పొడుగాటి పెట్టె ఒకటి గీశాడు. దాని లోపల వరసగా చిన్న చిన్న చదరాలు.

“ఇవి సీట్లు. ఇది తలుపు. ఇక్కడ నిలబడేవాళ్లు. అయ్యో, సీటు తొక్కకు సుచీ, చెరిగిపోతుంది!”

“బండి మొత్తం ఇంతేనా?”

“మన డాబా చాల్లేదు. ఇది మూడోవంతే. మిగతాది పెంటయ్య గేదెల కొట్టం మీదికి పోతుంది.”

మా ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో, నగరంలో రోడ్లూ బస్సులూ ఎటు పోవాలో గీసే విభాగంలో పనిచేస్తాడు. ఆ ఏడు, అంటే తొంభై ఏడులో, పాతబస్తీలో రోడ్డు మీదే నడిచే కొత్తరకం రైలు వేస్తే ఎలా ఉంటుందో పరిశీలించమని ఆ ఆఫీసుకి పై నుంచి కాగితం వచ్చింది. నేను దాన్ని ట్రామ్ అంటాను. ఆయన లైట్ రైలు అంటాడు.

“రెండిటికీ తేడా ఏమిటి?” అని అడిగాను ఒకసారి.

“ట్రాములు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఇది ఇంకా మొదలవలేదు,” అన్నాడు. హాస్యానికి కాదు. మా ఆయన హాస్యానికి ఏదీ అనడు.

చార్మినార్ నుంచి ఫలక్‌నుమా వైపు ముఖ్యమైన లైను. దాన్నుంచి చీలి మా గౌలిపుర, ఛత్రినాక, చాంద్రాయణగుట్ట మీదుగా జల్‌పల్లి దాకా ఒక శాఖ లైను. వేస్తారో లేదో ఇంకా తేలని ఆ శాఖ లైను గురించి నాకు ఎంత ఆరాటమో మా ఆయనకి తెలియదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మా ఇంట్లో చాలా విషయాలు ఈ పద్ధతిలోనే సాగుతాయి.

ముగ్గు బండిలో నన్ను ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించాడు. తలుపు దగ్గర ఒక ఇటుక పెట్టాడు.

“ప్లాట్‌ఫారం నుంచి బండిలోకి ఇంతే ఎత్తు. ఒక్క ఇటుక. ముసలివాళ్లు, కాళ్లనొప్పుల వాళ్లు కూడా ఇలా అడుగు వేసి అలా లోపలికి వెళ్లిపోవచ్చు.”

“మోకాలు వంగనివాళ్లు కూడానా?”

“ఎవరైనా సరే.”

ఆ ఇటుక ఎక్కి దిగాను. మళ్లీ ఎక్కాను. నా ఉత్సాహం తన రైలు మీద ప్రేమ అనుకుని ఆయన చాలా సంతోషించాడు.

షౌకత్ బీ సంగతి చెప్పాలి.

మేము తెనాలి నుంచి వచ్చి ఇక్కడ దిగేసరికి నాకు ఇరవై మూడు. ఆయన ఆఫీసువాళ్లంతా నది అవతల కాలనీల్లో ఇళ్లు చూసుకుంటే ఈయన గౌలిపురలో మేడ మీది వాటా తీసుకున్నాడు. సైకిలు మీద ఆఫీసుకి పదిహేను నిమిషాలట. నాకు డిగ్రీలో స్టాటిస్టిక్స్, వంటలో చారు, ఉర్దూలో సున్నా. పిల్లలు లేరు. ఆ విషయం మీద మా చుట్టాలందరూ మాట్లాడటం అయిపోయింది కాబట్టి నేను మాట్లాడను.

ఎదురింటి షౌకత్ బీ జరీ పని చేసేది. నాలుగు కర్రల చట్రం మీద బట్ట బిగించి, ఆ వైపు ఒకరు ఈ వైపు ఒకరు కూర్చుని జరీ, పూసలు కుడతారు. దాన్ని కార్చోబ్ అంటారు. మా ఆయన సైకిలు సందు మలుపు తిరగగానే నేను వెళ్లి చట్రానికి ఈ వైపు కూర్చునేదాన్ని. కుట్టడం నాకు రాలేదు. పూసలు ఎక్కించడం వచ్చింది, ఉర్దూ వచ్చింది, ఆమెకి నా తెలుగు వచ్చింది. “నీ తెలుగు రేడియో తెలుగు. గిట్ల మాట్లాడితే కూరగాయలోడు కూడా నవ్వుతడు,” అనేది. పదహారేళ్లు అలా మధ్యాహ్నాలు గడిచాయి. రెండు గంటలు ఒక్క మాట లేకుండా కూడా కూర్చునేవాళ్లం. ఎదురుగా ఒక మనిషి ఉండి మాట్లాడకపోవడం వేరు, ఎవరూ లేక మాట్లాడకపోవడం వేరు. ఇది నాకు రెండోది వచ్చాకే తెలిసింది.

పోయిన చలికాలంలో ఆమె కొడుకులు ఇల్లు అమ్మి పంచుకున్నారు. పెద్దవాడు ఉమర్ జల్‌పల్లిలో ఎనభై గజాల స్థలం కొని రెండు గదులు వేశాడు. షౌకత్ బీ అక్కడికి వెళ్లిపోయింది. ఆమె ఇల్లు కొన్నవాడు టెంట్‌హౌస్ వ్యాపారి. ఇప్పుడు మా వంటింటి కిటికీలోంచి చూస్తే నాలుగు వందల ప్లాస్టిక్ కుర్చీలు కనిపిస్తాయి. ఒక్కదాంట్లోనూ మనిషి ఉండడు.

ఆమె మోకాళ్లు ఆరేళ్లుగా వంగవు. సిటీ బస్సు మెట్టు ఆమె తొడంత ఎత్తు. కాబట్టి నేనే గురువారం గురువారం జల్‌పల్లి వెళ్తున్నాను. ఛత్రినాకలో ఒక బస్సు, చాంద్రాయణగుట్ట దగ్గర సెవెన్ సీటర్ ఆటోలో తొమ్మిదో మనిషిగా ఒదిగి ఇంకో దూరం, ఆపైన రోడ్డు లేని కాలనీలో ముప్పావు మైలు నడక. పోను గంటా నలభై, రాను గంటా యాభై. మధ్యలో గంటన్నర ఆమె ఎదురుగా కూర్చుంటాను. మిగిలిన ఆరు రోజులూ ఆ గంటన్నరని కొద్దికొద్దిగా వాడుకుంటాను.

రైలు అయితే ఇరవై రెండు నిమిషాలట. ఆమె కూడా రావచ్చు. ఒక్క ఇటుక ఎత్తే కదా.

ఆ తర్వాతి గురువారం వెళ్లి ఈ మాటే చెప్పాను. గోడ పక్కన పడి ఉన్న ఇటుక తెచ్చి గుమ్మం ముందు పెట్టాను. షౌకత్ బీ గోడ పట్టుకుని ఎడమకాలు పైన పెట్టింది, కుడికాలు లాక్కుంది, నిలబడింది.

“గిదేనా మీ రైలు?”

“ఇదే.”

“అరే వా. టికెట్ ఏది?” అని దిగింది. మళ్లీ ఎక్కింది. ఆమె కోడలు షిఫా లోపల్నుంచి వచ్చి, పెద్దవాళ్లిద్దరికీ మతి పోయిందేమోనన్నట్టు చూసి, మళ్లీ లోపలికి వెళ్లింది.

“గౌలిపురల దిగి, నీ పదహారు మెట్లు ఎట్ల ఎక్కాలె?” అంది షౌకత్ బీ.

“అది రైల్వేవాళ్ల పని కాదు. నేను లాగుతాను.”

శాఖ లైను వేయాలంటే ఆ దారిలో రోజుకి కనీసం ముప్పై వేలమంది ఎక్కుతారని తేలాలట. తేల్చడానికి ఇంటింటి సర్వే. ఇంట్లో ఐదేళ్లు దాటిన ప్రతి మనిషి పేరూ రాసి, నిన్న ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్నిసార్లు, ఏ పని మీద వెళ్లారో రాయాలి. ఫారం తయారు చేసింది మా ఆయనే. పగలు వెళ్తే పరదా వెనకనుంచి “మగవాళ్లు ఇంట్లో లేరు” అన్న జవాబు తప్ప ఏమీ రావటం లేదని, డిగ్రీ చదివే కుర్రాళ్లని ఆదివారాలు పంపే ఏర్పాటు చేసిందీ ఆయనే. నెలన్నరలో మా వైపు నాలుగు వేల ఇళ్లు తిరిగారు.

నిండిన ఫారాలు అట్టపెట్టెల్లో మా ఇంటికి వచ్చాయి. ఆఫీసు కంప్యూటరు ముందు క్యూ ఉందట, ఈలోగా మొత్తాలు వేసి పెడితే బాగుంటుందట. “నీకు స్టాటిస్టిక్స్ కదా సుచీ, నీకు సరదాగా ఉంటుంది,” అన్నాడు. భోజనాల బల్ల మీద పెట్టెలు, నా చేతిలో పెన్సిలు. నిజం చెప్పాలంటే సరదాగానే ఉంది. మాట్లాడే మనిషి లేని ఇంట్లో నాలుగు వేల కుటుంబాలు దిగినట్టయింది. పేర్లు పైకి చదువుతూ కూడేదాన్ని. ఆగయ్య, మేస్త్రీ, రెండు ప్రయాణాలు. తాహిర్, చెప్పుల దుకాణం, నాలుగు. కైలాసం, గుమాస్తా, రెండు. నా గొంతు నేను విని చాలా రోజులైంది.

మూడో రోజు పెంటయ్య ఇంటి ఫారం వచ్చింది. మా సందు చివర గేదెలు కట్టే పెంటయ్యే. పెంటయ్య, పాల వ్యాపారం, రెండు ప్రయాణాలు. భార్య సుశీల, సున్నా.

పెన్సిలు ఆపాను. సుశీల తెల్లారకముందే రెండు క్యాన్లతో ఛత్రినాకలో బస్సెక్కి చార్మినార్ దగ్గర మిఠాయి దుకాణాలకి పాలు పోసి వస్తుంది. సాయంత్రం మళ్లీ వెళ్తుంది. పెంటయ్య వెళ్లేది కల్లు కాంపౌండు దాకా.

ముందు ఫారాలన్నీ వెనక్కి తిరగేశాను. భార్య, సున్నా. తల్లి, సున్నా. కోడలు, సున్నా. ఆసుపత్రిలో ఆయాగా చేసే ఆవిడ సున్నా. బీడీ కట్టలు ఇచ్చి రావడానికి రోజూ మొఘల్‌పురా వెళ్లే ఆవిడ సున్నా. నాలుగు వేల ఇళ్లలో ఆడవాళ్లంతా కదలకుండా కూర్చుని ఉన్నారు.

మర్నాడు పాలు పోయడానికి వచ్చిన పెంటయ్యని నిలదీశాను.

“ఏమయ్యా, సర్వే అబ్బాయికి సుశీల ఎక్కడికీ వెళ్లదని చెప్పావట?”

“చెప్పిన. చెప్పొద్దా?”

“రోజుకి రెండుసార్లు చార్మినార్ వెళ్తుంది కదా!”

“పోతది. పోతే?” పెంటయ్య చెంబు కింద పెట్టాడు. “గదేందమ్మా, సదువుకున్నోళ్లు గిట్లంటరు! నా పెండ్లాం బస్సులల్ల తిరుగుతదని సర్కారు కాగితంల రాయించుకుంటనా? రేపు పదిమంది సదువుతరు. గల్లీల నా ఇజ్జత్ ఏం కావాలె?”

“ఆమె పాలు పోస్తేనే కదా మీ ఇల్లు గడిచేది?”

“గది గడుసుడు. గిది రాసుడు. రెండూ ఒకటేనా?” అని, నా అజ్ఞానానికి జాలిపడి ఒక చెంచాడు పాలు ఎక్కువ పోసి వెళ్లాడు.

పెంటయ్య ఇలా అన్నాడంటే నాకు అర్థమవుతుంది. తాహిర్ కూడా ఇదే అని ఉంటాడు, ఆగయ్యా ఇదే అని ఉంటాడు. గుడికి వెళ్లేవాళ్లూ మసీదుకి వెళ్లేవాళ్లూ మా పేటలో ఈ ఒక్క విషయంలో మాత్రం ఒకే మాట మీద ఉన్నారు. కాని నాలుగో పెట్టె అడుగున మా ఇంటి ఫారం కనిపించింది. దాన్ని నింపడానికి కుర్రాడు రాలేదు. అచ్చుపోసినట్టుండే ఆ డ్రాఫ్ట్స్‌మన్ అక్షరాలు నాకు తెలుసు.

కృష్ణప్రసాద్, ప్రభుత్వోద్యోగి, రెండు. సుచరిత, గృహిణి, సున్నా.

పైన తేదీ చూశాను. ఫారంలో ‘నిన్న’ అంటే ఒక గురువారం. ఆ గురువారం నేను పొద్దున కరెంటు బిల్లు కట్టాను, గ్యాసు రాయించాను, బ్యాంకులో ఆయన చెక్కు వేశాను, ఆ తర్వాత జల్‌పల్లి వెళ్లి వచ్చాను. సాయంత్రం ఆయన వచ్చేసరికి ఇంట్లో ఉన్నాను. పొద్దున వెళ్లేటప్పుడూ ఇంట్లోనే ఉన్నాను. ఆయన రెండు చివరలూ చూసి మధ్యలో గీత గీసేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మెల్లగా కదిపాను.

“ఏమండీ, ఈ ఆడవాళ్ల లెక్క తప్పేమో.”

“ఫారంలో ఉన్నదే లెక్క సుచీ. మనం ఊహించి రాయడానికి ఇదేమన్నా కథా?”

“జల్‌పల్లి శాఖకి పందొమ్మిది వేలే వస్తున్నాయి మరి.”

“అవును. ఆ శాఖ ఎగిరిపోతుంది. రేపు కాక పై సోమవారం నివేదిక అచ్చుకి వెళ్తోంది.” చారు కలుపుకున్నాడు. ఆయనకీ కష్టంగానే ఉందని ముఖం చూస్తే తెలుస్తోంది. “ఎక్కేవాళ్లు లేని చోట లైనెందుకు వేస్తారు?”

“నేను ఎక్కుతాను కదా.”

“నువ్వెక్కడికి వెళ్తావు?” అన్నాడు.

వెటకారం కాదు. నిజంగా తెలియక అడిగాడు. గురువారాల సంగతి నేను మొదట్లో రెండుసార్లు చెప్పాను. ఆయన “ఊఁ” అన్నాడు. ఆ “ఊఁ” వెనక మనిషి లేడని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ఆ రాత్రి పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సున్నాకి పైన ఒక కొక్కెం పెడితే ఆరు అవుతుంది. కింద ఒక తోక తగిలిస్తే తొమ్మిది. నాలుగు వేల సున్నాలు నా చేతిలో ఉన్నాయి. కాని నాకు స్టాటిస్టిక్స్ చెప్పిన మేడమ్ ఇరవై ఏళ్ల అవతలనుంచి కళ్లజోడు పైనుంచి చూసింది. పెన్సిలు పెట్టెలో పెట్టేశాను.

దొంగలెక్క రాయకూడదు సరే. ఉన్న లెక్కని నిజం చేయవచ్చు కదా. సర్కారు కాగితం నేనెక్కడికీ వెళ్లనని చెబుతోంది. పౌరురాలిగా దాన్ని గౌరవించాలని నిర్ణయించుకున్నాను.

సోమవారం కూరగాయలు లేవు. ఆవకాయ వేశాను. మంగళవారం ఇస్త్రీ బట్టలు రాలేదు. ఆయన ముడతల చొక్కాతో ఆఫీసుకి వెళ్లాడు. మంగళవారం సాయంత్రమే గ్యాసు అయిపోయింది.

“రాయించలేదా?”

“లేదండీ. వెళ్లలేదు.”

“ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది. ప్రయాణాలు లేవంతే.”

బుధవారం ఆయన ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లి గ్యాసు రాయించాడు, కరెంటు ఆఫీసులో గంటన్నర నిలబడ్డాడు, కూరగాయలు తెచ్చాడు. వంకాయలు అన్నీ పుచ్చులే. నలభై దాటిన ఆడవాళ్లకి ఇలాంటిదేదో వస్తుందని ఆఫీసులో ఎవరో చెప్పారట, ఒక టానిక్ సీసా కూడా తెచ్చాడు. “ఈ తిరుగుడు చచ్చే చావుగా ఉంది, రోజూ ఎవరు చేస్తారిదంతా?” అని కుర్చీలో కూలబడ్డాడు. ఇదే అదను, ఇప్పుడు వెలుగుతుంది అనుకున్నాను. వెలగలేదు. టానిక్ రెండు చెంచాలు తాగాను, తియ్యగా ఉంది.

గురువారం వచ్చింది.

పదింటికి అలవాటు కొద్దీ చీర మార్చుకున్నాను. చెప్పుల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. సున్నా అంటే సున్నా. జల్‌పల్లికి మాత్రం మినహాయింపు ఇస్తే నా పట్టుదలకి విలువేముంది? ఇలా నాకు నేనే వాదించుకుని, నేనే తీర్పు చెప్పుకున్నాను. వాళ్లింట్లో ఫోను లేదు.

పదకొండున్నరకి షౌకత్ బీ గుమ్మంలో కుర్చీ వేసుకుని సందు చివరికి చూస్తూ ఉంటుందని తెలుసు. పన్నెండుకి సెవెన్ సీటర్ల చప్పుడు వింటుంది. ఒంటిగంటకి షిఫాని లోపలికి వెళ్లి తినేయమంటుంది. నేను కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి కుర్చీలు లెక్కపెట్టాను. నాలుగు వందలు కాదు, మూడు వందల డెబ్బై ఆరు. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను పైకి అన్న మాటలు మూడు: “పావు చాలు పెంటయ్యా.” రేడియో పెట్టాను, తీసేశాను. మధ్యాహ్నం మూడింటికి ఎండ డాబా మెట్ల మీదికి వస్తుంది, నాలుగింటికి పోతుంది. ఇదంతా ఎన్నాళ్లనుంచి జరుగుతోందో నేనెప్పుడూ చూడలేదు.

శుక్రవారం కూడా గడిచింది. అప్పటికి నేనెవరి మీద అలిగానో కూడా సరిగ్గా గుర్తు లేదు.

రెండో శనివారం కావడంతో మర్నాడు ఆయనకి సెలవు. నాలుగింటి వేళ ఇస్త్రీ బట్టలు తేవడానికని కిందికి దిగబోయి, మెట్ల మీదే ఆగిపోయాడు.

“సుచీ! త్వరగా రా!”

ఆరో మెట్టు మీద షౌకత్ బీ కూర్చుని ఉంది. గోడకి ఆనుకుని, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. బుర్ఖా మోకాలి దగ్గర చిరిగి మట్టి అంటింది.

“జిందా ఉన్నవా?” అంది నన్ను చూసి. “బస్. గంతే. గది చూద్దామనే వచ్చిన.”

“ఒక్కదానివే వచ్చావా?”

“మరి? జుమేరాత్ రాలే. నిన్న రాలే. బుఖారొచ్చిందో, ఏమైందో. ఉమర్‌ను పోయి చూసి రమ్మంటే రేపు, రేపు అంటడు. ఎన్ని దినాలు ఫికర్ చేస్తరు? చల్ బోల్కే నేనే బయల్దేరిన.”

మా ఆయన లోపలికి పరిగెత్తి మంచినీళ్లు తెచ్చాడు. గ్లాసు అందిస్తూ, “ఎలా వచ్చారు?” అన్నాడు. వృత్తి ధర్మం, ఎంతైనా.

“ఎట్లేంది భాయ్‌సాబ్, గుట్ట దాంక ఆటోల, గక్కడికెల్లి బస్సుల. మొదటి బస్సుకు కాలెత్తేలోపలే రైట్ రైట్ అన్నడు. రెండో బస్సుల మస్తు మంది, దగ్గరికి కూడా రానియ్యలే. మూడో దాంట్ల ఇద్దరు ఆడపిల్లలు రెక్క పట్టి గుంజిన్రు, బియ్యం బస్తాను గుంజినట్టు. మోకాలు మెట్టుకు కొట్టుకున్నది. ఛత్రినాకల దిగి నడుస్తా, కూసుంటా, నడుస్తా… పన్నెండింటికి బయల్దేరిన.”

పన్నెండు నుంచి నాలుగు. నేను ఆమె పక్కన కూర్చుని బుర్ఖా కాస్త పైకి తీశాను. మోకాలు బత్తాయంత అయింది. నా సత్యాగ్రహం మా ఆయన మీద. దెబ్బ తగిలింది ఈమెకి.

“ఎందుకు రాలే?” అంది. “నా మీద గుస్సానా?”

“నీ మీద కాదు.”

“మరి?”

చెప్పక తప్పలేదు. “ఇంటింటి సర్వే కాగితాల్లో నేనెక్కడికీ వెళ్లనని రాసి ఉంది. అలాగే ఉందామని వెళ్లలేదు.”

షౌకత్ బీ నన్నొకసారి, మెట్టు పైన నిలబడ్డ ఆయన్నొకసారి చూసింది. అంత నొప్పిలోనూ నవ్వింది.

“పాగల్! గంత సదువు సదివి గిదా? మా ఇంటికి రాలేదా గా పిల్లగాడు, ఫైల్ పట్టుకొని! ఉమర్ గుమ్మంల నిలబడి చెప్తుండు, మా ఇంట్ల ఆడోల్లు బయటికి పోరని. నేను పరదా ఎనకనే ఉన్న. అప్పుడే దవాఖానకు పోయి, మోకాలుకు సూది ఏయించుకొని వచ్చిన. బుర్ఖా ఇంకా తియ్యనే లే. షిఫా చేతిల కూరగాయల సంచి. ఇద్దరం నోట్ల గుడ్డ కుక్కుకున్నం, నవ్వు ఆపుకోలేక.”

మా ఆయన ఒక మెట్టు దిగాడు. “మీరు అక్కడే ఉన్నారా? పరదా వెనక?”

“గక్కడనే.”

“మా కుర్రాడు మిమ్మల్ని అడగలేదా?”

“నన్నెందుకు అడుగుతడు? ఇంటి పెద్దనే అడిగి రాయాలని కాగితం మీద ఉన్నదట. ఉమర్ చదివి చెప్పిండు.”

ఆ వాక్యం రాసింది ఎవరో మా ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. మూడో మనిషికి తెలియదు కాబట్టే అంత తేలిగ్గా అనేసింది.

ఆయన మెట్టు మీద చతికిలబడ్డాడు.

“సుచీ, నువ్వు జల్‌పల్లి ఎప్పుడెళ్తావు?”

“గురువారం.”

“ప్రతి గురువారమా?”

“చలికాలం నుంచి.”

“నాకు చెప్పలేదే.”

“చెప్పాను. మీరు ఊఁ అన్నారు.”

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “ఎంతసేపు పడుతుంది?”

“పోను గంటా నలభై.”

“బాప్‌రే,” అన్నాడు మెల్లగా, ఉర్దూలో ఆయనకి వచ్చిన ఒకే ఒక్క మాట. ఆమె మోకాలి వైపు చూశాడు. తర్వాత బుధవారం కరెంటు ఆఫీసు క్యూలో తను నిలబడిన సంగతి గుర్తొచ్చిందేమో, నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. లేచి పైకి వెళ్లాడు. అట్టపెట్టె జరిపిన చప్పుడైంది, కాగితాలు తిప్పిన చప్పుడు, చాలాసేపు. ఆ తర్వాత ఫోను డయలు గిర్రుమంది.

మా ఇంటి ఫోను తలుపు పక్కనే ఉంటుంది. మెట్ల మీద కూర్చున్న మా ఇద్దరికీ అంతా వినిపిస్తోంది. వైకుంఠం గారని, ఆయన పై అధికారి, సెలవు రోజు ఫోను చేస్తే కరుస్తాడని పేరు. షౌకత్ బీ నా చేయి పట్టుకుంది.

“నమస్కారం సార్, కృష్ణప్రసాద్‌ని. సోమవారం నివేదిక అచ్చుకి పంపకండి సార్… లేదు సార్, జల్‌పల్లి శాఖ అంకెలు… తక్కువ వచ్చాయి సార్, అంత తక్కువ కాదు. ఆడవాళ్లు ఎవరూ లెక్కలోకి రాలేదు… అవును సార్, సగం జనాభా… మళ్లీ తిరగాలి, నాలుగు వేల ఇళ్లూ. ఈసారి లోపలికి వెళ్లి వాళ్లనే అడగాలి. ఆడపిల్లల్ని పంపాలి సార్…”

అవతల్నుంచి చాలాసేపు ఏదో వినిపించింది. మాటలు తెలియలేదు, వరస తెలిసింది.

“తెలుసు సార్. ఆలస్యమవుతుంది… తెలుసు సార్, సంజాయిషీ ఇస్తాను… కుర్రాళ్లనేం అనకండి సార్. వాళ్లు ఫారంలో ఎలా ఉంటే అలా అడిగారు…”

మళ్లీ అవతల గొంతు. నాకు ఆయన ముఖం కనిపించటం లేదు. తలుపు సందులోంచి ఫోను తీగ ఒక్కటే కనిపిస్తోంది, బిగుసుకుని ఉంది.

“ఫారం నేనే రాశాను సార్,” అన్నాడు మా ఆయన. “మా ఇంట్లో కూడా నేను అడగలేదు. మా ఆవిడ ఎక్కడికీ వెళ్లదని నాకు నేనే రాసేసుకున్నాను. తప్పు నాది.”